టర్బో బండికి మొదటి మార్పు ఏది? మ్యాపా, ఇంటర్‌కూలరా, ఇంకేదైనానా?

వేగుచుక్క

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, అడగడం ఇదే మొదటిసారి.

నా బండిలో రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, డైరెక్ట్ ఇంజెక్షన్, ఆరు గేర్ల మాన్యువల్, ముందు చక్రాల డ్రైవ్. బరువు సుమారు 1400 కిలోలు. షోరూం నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, ఒక్క నట్టు కూడా మార్చలేదు. రోజూ పనికి వెళ్లేది ఇందులోనే. వీలు దొరికినప్పుడు ట్రాక్ డేలకు తీసుకెళ్తాను.

మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. పేరు చెప్పగానే ‘దానికి ఫలానా కిట్ పెట్టించు’ అన్న జవాబులే వస్తాయి. నాకు కావలసింది ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకు అన్నది.

నా మనసులో ఉన్నవి ఎయిర్ ఫిల్టర్ కిట్, డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి వెళ్లే పైపు), ఈసీయూ మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ లెక్కలు), పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లార్చేది), బ్లో ఆఫ్ వాల్వ్. అన్నీ ఒకేసారి చేయించలేను, చేయించాలని కూడా లేదు. ఒక్కొక్కటి పెట్టి, దానితో బండి ఎలా మారిందో తెలుసుకుంటూ ముందుకు వెళ్లాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మూడోగేరు

మ్యాప్. రెండో ఆలోచన అక్కర్లేదు.

టర్బో లేని ఇంజన్లో ఫిల్టర్, సైలెన్సర్, మ్యాప్ అన్నీ మార్చినా పెరిగే శక్తి తక్కువే. లోపలికి ఎంత గాలి వెళ్లాలో అక్కడ సిలిండర్ పరిమాణం నిర్ణయిస్తుంది. టర్బో ఇంజన్లో ఆ నిర్ణయం సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది. బూస్ట్ (టర్బో గాలిని నొక్కే పీడనం) ఎంత ఉండాలి, ఇగ్నిషన్ ఎప్పుడు పడాలి, ఏ గేరులో ఎంత టార్క్ ఇవ్వాలి, అన్నీ ఈసీయూ లెక్కలే. కంపెనీవాళ్లు నాసిరకం పెట్రోల్, మండుటెండ, కొండదారి, సరిగ్గా సర్వీసు చేయించని యజమాని, ఇలా అందరినీ దృష్టిలో పెట్టుకుని మ్యాప్ రాస్తారు. నువ్వు మంచి ఆక్టేన్ పెట్రోల్ పోస్తూ, సమయానికి ఆయిల్ మార్పిస్తూ ఉంటే, వాళ్లు వదిలిన ఆ జాగాలో కొంత నీ సొంతమే.

ఒక్క బోల్టు విప్పకుండా బండి స్వభావమే మారిపోతుంది. పెట్టిన డబ్బుకు ఇంత ఫలితం ఇచ్చే మార్పు మరొకటి లేదు.

నల్లరబ్బరు

వేగుచుక్క గారూ, ముందు ఒక ప్రశ్న. టైర్లు ఎప్పటివి?

పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అది చూసి చెప్పండి. అలాగే ముందు టైర్ల బయటి అంచును అరచేత్తో ఒకసారి అటు, ఒకసారి ఇటు తడమండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపంలా తగిలితే ఆ సంగతీ రాయండి.

ముందు చక్రాల బండికి 1400 కిలోల బరువు, టర్బో టార్క్. మొదటి గేరులో, రెండో గేరులో ఇప్పటికే చక్రాలు జారుతూ ఉండాలి. నేల మీద నిలవని టార్క్‌ను ఇంకా పెంచితే అది ఎక్కడికి పోతుంది? ట్రాక్షన్ కంట్రోల్ దాన్ని కోసేస్తుంది, లేదా టైరు పొగ రూపంలో పోతుంది. వేగం పెరగాలన్నా, మలుపు తిరగాలన్నా, ఆగాలన్నా బండికీ నేలకూ మధ్య ఉన్నది నాలుగు అరచేతులంత రబ్బరు మాత్రమే. మూడింటినీ ఒకేసారి మెరుగుపరిచే మార్పు టైరు తప్ప వేరే లేదు.

పాతమెకానిక్

తమ్ముడూ, నీ జాబితా చూశాను. ఏ భాగం కావాలో రాశావు కానీ, బండి ఏం ఇబ్బంది పెడుతోందో రాయలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లి మందుల పేర్లు చెప్పినట్టుంది. ట్రాక్ మీద పది పదిహేను నిమిషాలు గట్టిగా నడిపాక ఏమవుతుంది? ఊపు తగ్గుతుందా, బ్రేకు మారుతుందా, ముందు భాగం మలుపు బయటికి జారుతుందా? అది చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం.

ఈలోగా చేయవలసిన పని ఇంకొకటి ఉంది. మార్పుల కంటే ముందు బండి కంపెనీ స్థితిలో ఆరోగ్యంగా ఉందో లేదో తేల్చుకోవాలి. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పించి, ఏ సిలిండర్‌ది ఏదో కలిసిపోకుండా వరుసగా పెట్టించి చూడు. లోపలి పింగాణీ కొన లేత గోధుమ రంగులో, నాలుగింటికీ ఒకేలా ఉండాలి. ఒకటి మాత్రం తెల్లగా పాలిపోయి ఉన్నా, దాని మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు, సన్నని మెరిసే పూసలు కనిపించినా ఆ సిలిండర్‌లో నాకింగ్, అంటే పెట్రోల్, గాలి మిశ్రమం అదుపు తప్పి పేలడం, జరుగుతోందన్నమాట. ఆ స్థితిలో మ్యాప్ వేయిస్తే పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నని గట్టు విరగడానికి ఎక్కువ కాలం పట్టదు.

తర్వాత బూస్ట్ లీకు పరీక్ష. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి థ్రాటిల్ వరకు వెళ్లే గొట్టాల్లోకి తక్కువ పీడనంతో గాలి పట్టి, సబ్బు నీళ్లు చల్లితే లీకు ఉన్నచోట బుడగలు వస్తాయి. వదులైన ఒక్క క్లిప్పు చాలు, టర్బో అనవసరంగా ఎక్కువ తిరగడానికి. కొత్త భాగం పెట్టకుండానే ఈ లీకు మూయడం వల్ల పోయిన ఊపు తిరిగొచ్చిన బండ్లు మా గ్యారేజీకి ఎన్నో వస్తాయి.

వేగుచుక్క

ఇన్ని జవాబులు ఇంత త్వరగా వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు.

నల్లరబ్బరు గారూ, టైర్లు బండితోపాటు వచ్చినవే, నాలుగేళ్లు దాటాయి. ముందు రెండింటికీ బయటి అంచు మీరు చెప్పినట్టే ఉంది. మధ్యలో గాడులు బాగానే ఉన్నాయి, అంచున మాత్రం దాదాపు నున్నగా అయిపోయింది.

పాతమెకానిక్ అన్నా, ట్రాక్ మీద రెండు విషయాలు గమనించాను. మొదటి రెండు మూడు ల్యాపుల్లో ఉన్న ఊపు తర్వాత ఉండదు. పెడల్ పూర్తిగా తొక్కినా బండి బరువెక్కినట్టు అనిపిస్తుంది. రెండోది, బ్రేకు పెడల్ క్రమంగా లోతుకు వెళ్తుంది. చివరి ల్యాపుల్లో ఒకసారి తొక్కి వదిలి, మళ్లీ తొక్కితేనే గట్టిగా తగులుతుంది.

చక్రధారి

ఈ చివరి వాక్యం చదివాక మిగతా చర్చ అంతా ఆపేయవచ్చు. వేగుచుక్క గారూ, మీ బ్రేక్ ఫ్లూయిడ్ మరుగుతోంది. అది మార్చేవరకు దయచేసి మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లకండి.

బ్రేకు వేడెక్కి పట్టు తప్పడం రెండు రకాలు, రెండింటికీ మందు వేరు. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి సరిగ్గా ఆగకపోతే ప్యాడ్ తన ఉష్ణోగ్రత పరిధి దాటిందని అర్థం. పెడల్ మెత్తబడి లోతుకు వెళ్తే ఫ్లూయిడ్‌లో ఆవిరి పుట్టిందని అర్థం. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. మీ కాలి బలం ప్యాడ్‌కు చేరకుండా ఆ ఆవిరి బుడగలను అణచడానికే ఖర్చవుతోంది. రెండోసారి తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్ మరికొంత ఫ్లూయిడ్ పంపుతుంది కాబట్టి అప్పుడు గట్టిగా తగులుతుంది.

గ్లైకాల్ ఆధారిత ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ మరిగే స్థానం కనీసం 230 డిగ్రీలు. తేమ పట్టాక 155 ఉంటే చాలు, ప్రమాణం ఒప్పుకుంటుంది. డాట్ 5.1కు ఆ అంకెలు 260, 180. ట్రాక్ కోసం ప్రత్యేకంగా తయారుచేసే డాట్ 4 ఫ్లూయిడ్లు కొత్తగా ఉన్నప్పుడు 300 డిగ్రీలు దాటి కూడా తట్టుకుంటాయి, అయితే వాటిని తరచూ మార్చాలి. డాట్ 5 మాత్రం సిలికాన్ ద్రవం, పూర్తిగా వేరే జాతి. పేరు దగ్గరగా ఉందని దాన్ని మీ బండిలో పోయనివ్వకండి, మిగతావాటితో కలవదు.

ఇప్పుడు మ్యాప్ గురించి ఒక లెక్క. 1400 కిలోల బండి గంటకు 160 నుంచి 80 కిలోమీటర్లకు తగ్గాలంటే బ్రేకులు దాదాపు పది లక్షల జౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. శక్తి పెంచి అదే మలుపు దగ్గరికి 200తో వచ్చారనుకోండి. అదే 80కి దిగడానికి దాదాపు పద్దెనిమిది లక్షల జౌళ్లు. వేగం పెరిగింది పాతిక శాతం, డిస్కు మీద పడే వేడి పెరిగింది 75 శాతం. ఇప్పుడున్న వేడికే మరుగుతున్న ఫ్లూయిడ్ దాన్ని ఎలా తట్టుకుంటుంది?

మూడోగేరు

చక్రధారి గారి మాట కాదనను. ఫ్లూయిడ్, ప్యాడ్లు తప్పనిసరి. కానీ వాటిని నేను మార్పు అనను, అది నిర్వహణ. వేగుచుక్క అడిగింది మార్పుల గురించి.

ఇంకో మాట. ఈ వేదికలో ప్రతి చర్చా ట్రాక్ వైపే వెళ్తుంది. ఆయన బండి నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే తిరుగుతుంది. అక్కడ కావలసింది మధ్య ఆర్‌పీఎంలో టార్క్, తొక్కగానే స్పందించే థ్రాటిల్, లారీని దాటాలంటే గేరు తగ్గించే పని లేకపోవడం. ఆ ఆనందం టైరు ఇవ్వదు, బ్రేక్ ఫ్లూయిడ్ ఇవ్వదు. రోజూ అనుభవించే మార్పు రావాలంటే మ్యాపే.

డేటాలాగ్

మూడోగేరు గారు చెప్పినదాంట్లో నిజం ఉంది. టర్బో ఇంజన్లో మ్యాప్ ఇచ్చేంత శక్తి వేరే ఏ ఒక్క భాగమూ ఇవ్వదు. అందుకే అది ఆషామాషీగా చేసే పని కాదు.

వేగుచుక్క గారూ, మ్యాప్ కొనేముందు లాగ్ తీయండి, అంటే బండి నడుస్తుండగా ఇంజన్ అంకెలు నమోదు చేయండి. బండి కంప్యూటర్ అంకెలు చదివే ఓబీడీ సాకెట్‌కు పెట్టే చిన్న అడాప్టరు, ఫోనులో ఒక యాప్ ఉంటే సరిపోతుంది. చూడవలసినవి ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, ఈసీయూ అడిగిన బూస్ట్, నిజంగా వచ్చిన బూస్ట్, ఒక్కో సిలిండర్‌కు ఇగ్నిషన్ ఎంత వెనక్కి జరుగుతోంది, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని ఎంత సర్దుతోందో), ఇంజెక్టర్లకు ఇంధనం అందించే గొట్టంలోని (ఫ్యూయల్ రైల్) పీడనం. ఇంజన్ గురించి మీకున్న అనుమానాల్లో సగం ఈ గీతలే తీరుస్తాయి.

మీ జాబితాలోని మిగతావాటి గురించి కూడా చెప్తాను. నేటి ఈసీయూలు చాలావరకు టార్క్ లక్ష్యం పెట్టుకుని పనిచేస్తాయి. మీరు ఫిల్టర్ కిట్ పెట్టి గాలికి అడ్డు తగ్గించారనుకోండి, ఈసీయూ కోరిన గాలి అంతే కాబట్టి టర్బో కొంచెం తక్కువ కష్టపడి అదే గాలిని అందిస్తుంది. చెవికి ఈల వినిపిస్తుంది, చక్రాల దగ్గర పెద్ద తేడా రాదు. పైగా గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండి అయితే, సెన్సర్ కూర్చునే గొట్టం వ్యాసం మారితే కొలత తప్పుతుంది. లోపలికి వెళ్లిన గాలి ఎక్కువ, లెక్కకు వచ్చింది తక్కువ అయితే మిశ్రమం పలచబడుతుంది. మ్యాప్ మార్చకుండా అలాంటి కిట్ పెట్టవద్దు. మూత తీసేసిన శంఖు ఆకారపు ఫిల్టర్లు ఇంజన్ గదిలోని వేడిగాలినే పీలుస్తాయి, కంపెనీ పెట్టె బంపరు ముందు నుంచి చల్లగాలి తెస్తుంది. ఆ పెట్టెను తీసిపారేసేముందు దాని గొట్టం ఎక్కడ మొదలవుతుందో వంగి చూడండి.

బ్లో ఆఫ్ వాల్వ్ శక్తి ఇవ్వదు. థ్రాటిల్ మూసినప్పుడు మిగిలిన పీడనాన్ని బయటికి వదలడమే దాని పని. కంపెనీ వాల్వ్ ఆ గాలిని తిరిగి టర్బో ముందుకు పంపుతుంది. మాఫ్ ఉన్న బండిలో దాన్ని బయటికి వదిలితే, లెక్కలోకి వచ్చిన గాలి మాయమై, గేరు మార్చిన ప్రతిసారీ కాసేపు మిశ్రమం చిక్కబడుతుంది. కంపెనీ వాల్వ్ లీకు కానంతవరకు దాన్ని కదిలించనక్కర్లేదు.

ఇక మ్యాప్ ఎంచుకునేటప్పుడు గరిష్ఠ హార్స్‌పవర్ అంకె చూసి మోసపోకండి. టార్క్ గీత 2000 ఆర్‌పీఎం దగ్గర ఎంత నిటారుగా లేస్తుందో చూడండి. కనెక్టింగ్ రాడ్లను వంచేది పై ఆర్‌పీఎంలో ఉన్న శక్తి కంటే ఎక్కువగా కింది ఆర్‌పీఎంలో ఒక్కసారిగా విరుచుకుపడే టార్కే. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లకు ఇంకో గండం ఉంది. తక్కువ వేగంలో ఎక్కువ భారం పడితే, స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుంటుంది. ఎల్‌ఎస్‌పీఐ అంటారు. ఒక్క దెబ్బకు పిస్టన్ పగిలిపోవచ్చు. దీనికి ఇంజన్ ఆయిల్‌తోనూ సంబంధం ఉంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ప్రమాణంలో ఈ పరీక్ష ఒక భాగం, మీ ఆయిల్ డబ్బా మీద ఆ అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోండి. ఆరో గేరులో 1500 ఆర్‌పీఎం దగ్గర పెడల్ పూర్తిగా తొక్కే అలవాటు ఉంటే మానుకోండి. గేరు తగ్గించే పని లేకపోవడం సుఖమే, కానీ ఆ సుఖానికి ఇంజన్ మూల్యం చెల్లిస్తుంది.

మూడోగేరు

టార్క్ గీత గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. మంచి ట్యూనర్ కింది ఆర్‌పీఎంలో బూస్ట్‌ను నెమ్మదిగా పెంచుతాడు. అలాంటి మ్యాపే తీసుకోమంటాను. అందరికీ ఒకే ఫైలు వేసేవాళ్ల కంటే, మీ బండి లాగులు అడిగి తీసుకుని సవరించి ఇచ్చేవాళ్లు మేలు.

వేగుచుక్క

నిన్న ట్రాక్ మీద లాగ్ తీశాను. చక్రధారి గారు కోప్పడకండి, ముందు ఫ్లూయిడ్ మార్పించాకే వెళ్లాను. బయటికి తీసిన పాత ఫ్లూయిడ్ కాఫీ రంగులో ఉంది. ఈసారి పెడల్ చివరి వరకు ఒకే ఎత్తులో ఉంది.

బయటి ఉష్ణోగ్రత 29 డిగ్రీలు. మొదటి ల్యాపులో పొడవాటి స్ట్రెయిట్ చివర ఇన్‌టేక్ గాలి 38 డిగ్రీలు చూపింది. ఐదో ల్యాపు వచ్చేసరికి అదేచోట 71. ఈసీయూ అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ రెండూ ఒకటే. ఇగ్నిషన్ మాత్రం అన్ని సిలిండర్లలో కలిసి నాలుగైదు డిగ్రీలు వెనక్కి జరిగింది. ప్లగ్గులు నాలుగూ ఒకే రంగులో ఉన్నాయి, చుక్కలేమీ లేవు. లీకు పరీక్షలోనూ ఏమీ తేలలేదు.

పాతమెకానిక్

శభాష్ తమ్ముడూ, ఇలా అడిగితే జవాబు చెప్పడం తేలిక.

నీ ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. దాని కష్టమంతా వేడి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 25 డిగ్రీల గాలిని టర్బో రెట్టింపు పీడనానికి, అంటే గేజీలో సుమారు ఒక బార్ బూస్ట్‌కు నొక్కిందనుకో. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం ఉంటే ఆ గాలి దాదాపు 118 డిగ్రీలతో బయటికి వస్తుంది. దాన్ని చల్లార్చే బాధ్యత ఇంటర్‌కూలర్‌ది. మొదటి ల్యాపులో అది బాగానే చేసింది. ఐదో ల్యాపుకు దాని లోహమే వేడిని పీల్చి నిండిపోయింది, ఇక తీసుకోలేకపోతోంది.

అదే బూస్ట్ ఉన్నా 38 డిగ్రీల గాలితో పోలిస్తే 71 డిగ్రీల గాలి దాదాపు పది శాతం పలచన. ఊపు తగ్గడానికి అది ఒక కారణం. రెండో కారణం ఇగ్నిషన్. గాలి వేడిగా ఉంటే నాకింగ్ వస్తుందని ఈసీయూ ముందే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. అన్ని సిలిండర్లలో ఒకేలా తగ్గింది కాబట్టి అది ముందుజాగ్రత్త. ఏదో ఒక సిలిండర్‌లో మాత్రమే తగ్గి ఉంటే ఆ సిలిండర్‌ను అనుమానించేవాణ్ణి.

ఇప్పుడు మ్యాప్ వేశావనుకో. టర్బో ఇంకా ఎక్కువ నొక్కుతుంది, గాలి ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. మొదటి ల్యాపు అదిరిపోతుంది, నాలుగో ల్యాపుకు ఇప్పటి స్థితికే వస్తావు.

ఈ పోరు కొత్తదేమీ కాదు. 1962లో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ జెట్‌ఫైర్ అన్న టర్బో కారును అమ్మింది. అప్పట్లో అలాంటి కార్లు ఒకటి రెండే. దాని కంప్రెషన్ నిష్పత్తి 10.25. ఇంటర్‌కూలర్ లేదు. నాకింగ్ ఆపడానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజన్లోకి చిమ్మేవారు. ఆ ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్ తగ్గిపోయేది. చాలామంది యజమానులు దాన్ని నింపడం మరిచిపోయేవారు. రెండేళ్లలో కారు ఆగిపోయింది. 1980ల మొదట్లో సాబ్ కంపెనీ నాక్ సెన్సర్ వినికిడితో బూస్ట్‌ను సర్దే ఏపీసీ పద్ధతి తెచ్చాక గానీ టర్బో బండ్లు రకరకాల పెట్రోలుతో నమ్మకంగా నడవలేదు. నీ ఈసీయూ నిన్న చేసిన పనికి మూలం అదే. దాన్ని తప్పుపట్టకు, నీ పిస్టన్లను కాపాడింది.

చల్లగాలి

ఇంటర్‌కూలర్ మాట వచ్చింది కాబట్టి నా వంతు.

కొనేటప్పుడు సైజు ఒక్కటే చూడకండి. రెండు రకాల నిర్మాణాలు ఉన్నాయి. ట్యూబ్ ఫిన్ రకం తేలిక, బయటిగాలి సులభంగా దాటిపోతుంది, వేడెక్కినా త్వరగా చల్లారుతుంది. బార్ ప్లేట్ రకం బరువు, ఎక్కువ వేడిని దాచుకోగలదు, దెబ్బలకు గట్టిది, కానీ ఒకసారి వేడెక్కితే చల్లారడానికి సమయం తీసుకుంటుంది. ఇది మేలు, అది కీడు అని ఒక్కమాటలో తేల్చలేం. ఒకే స్ట్రెయిట్‌లో పరుగు తీసి ఆగే బండికి లోహం ఎక్కువ ఉన్నది నప్పుతుంది. ల్యాపు తర్వాత ల్యాపు తిరిగే బండికి గాలి ధారాళంగా దాటిపోయే డిజైన్ ముఖ్యం.

మరీ మందమైన కోర్ పెడితే వెనుక ఉన్న రేడియేటరుకు గాలి అందదు. ఇన్‌టేక్ ఉష్ణోగ్రత దిగుతుంది, కూలెంట్ ఉష్ణోగ్రత ఎక్కుతుంది. హోండా సివిక్ టైప్ ఆర్ 2020 మార్పుల్లో కంపెనీయే ముందు గ్రిల్ రంధ్రాన్ని 13 శాతం పెంచింది. గాలి లోపలికి రావడం అంత ముఖ్యం. మీ బండిలో బంపరు వెనుక, ఇంటర్‌కూలర్ చుట్టూ ఉన్న ఖాళీలు చూడండి. వచ్చే గాలి కోర్ గుండా వెళ్లకుండా పక్కనుంచి జారిపోతుంటే ఫోము పట్టీలతో ఆ సందులు మూసినా కొంత లాభం ఉంటుంది.

లోపలి పీడన నష్టం కూడా అడగండి. కోర్ దాటేసరికి బూస్ట్ ఎక్కువగా పడిపోతే దాన్ని పూడ్చడానికి టర్బో ఇంకా గట్టిగా తిరగాలి, మళ్లీ వేడి. మంచి తయారీదారు ఈ అంకెను దాచడు.

కొత్తచక్రం

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. డౌన్‌పైప్ సంగతి ఎవరూ చెప్పలేదు. టర్బో వెనుక అడ్డు తగ్గితే త్వరగా బూస్ట్ వస్తుందని చదివాను. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని పైపు పెట్టించుకోమని మా మిత్రులు అంటున్నారు. శబ్దం కూడా బాగుంటుందట.

నిర్వాహకుడు

కొత్తచక్రం గారూ, కన్వర్టర్ తీసేయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. ఈ వేదికలో దానికి సలహాలు ఇవ్వం. అది చేసే పని చిన్నది కాదు. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, కాలకుండా మిగిలిన ఇంధనం, ఇవన్నీ మన వెనుక వచ్చేవాళ్లు పీల్చే గాలిలో కలవకుండా ఆపేది అదే.

ఎవరు ఏ మార్పు చేయించినా బీమా కంపెనీకి చెప్పండి. చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిము తిరస్కరించే అవకాశం ఉంది. మ్యాప్ వేయించేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఈసీయూలో ఎన్నిసార్లు కొత్త ప్రోగ్రాం రాశారో లెక్క ఉండే బండ్లు చాలా ఉన్నాయి. పాత ఫైలు తిరిగి వేసినా ఆ లెక్క చెరగదు. వారంటీ మిగిలి ఉంటే ఆ సంగతి ఆలోచించుకుని దిగండి.

డేటాలాగ్

దానికి తోడు సాంకేతిక కారణం. ఎగ్జాస్ట్ దారి మరీ సులువైతే కొన్ని బండ్లలో కంపెనీ వేస్ట్‌గేట్ (టర్బైన్‌ను తప్పించి వాయువును పక్కకు వదిలే తలుపు) చాలదు. పూర్తిగా తెరుచుకున్నా టర్బైన్ మీదికి వెళ్లే వాయువు తగ్గక, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ లక్ష్యాన్ని దాటి పాకుతుంది. మంచి ప్రవాహం ఉన్న కన్వర్టర్‌తో వచ్చే, చట్టం ఒప్పుకునే డౌన్‌పైపులు ఉన్నాయి. అవి కూడా మ్యాప్‌తో కలిపి చేయవలసినవే.

నల్లరబ్బరు

టైరు అంచు సంగతి వదిలేశారు! మధ్యలో గాడులు ఉండి బయటి అంచు మాత్రమే అరిగిందంటే మలుపులో టైరు మొత్తం నేలకు ఆనడం లేదు, అంచు మీద దొర్లుతోంది. కొత్త టైర్లు వేసినా అలైన్‌మెంట్ ఇలాగే ఉంటే అవీ ఇలాగే పోతాయి.

చక్రధారి

అవును, కొత్త టైర్లు వేయించిన రోజే ముందు చక్రాల క్యాంబర్ చూపించండి. చక్రం పైభాగం లోపలికి ఎంత వాలి ఉందో అది. చాలా కార్లు షోరూం నుంచి దాదాపు నిటారుగానే వస్తాయి. మలుపులో బాడీ వాలినప్పుడు బయటి చక్రం కూడా వాలి, అంచు మీద నిలబడుతుంది. ముందు మైనస్ రెండు డిగ్రీల దగ్గరికి తేగలిగితే ముందు భాగం మలుపు బయటికి జారడం తగ్గుతుంది, అంచు అరుగుదలా తగ్గుతుంది. కంపెనీ బోల్టులతో అంత రాకపోతే క్యాంబర్ బోల్టులు దొరుకుతాయి. క్యాంబర్ మారితే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది, రెండూ ఒకేసారి సరిచేయించాలి. రోజూ తిరిగే బండికి టో సున్నా దగ్గర ఉంచండి. లేకపోతే ఈసారి లోపలి అంచు తినేస్తుంది.

ట్రాక్ మీద పీడనం వేడి టైరులోనే చూడాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెట్టిన గాలి కొన్ని ల్యాపుల్లోనే బాగా పెరుగుతుంది. పిట్‌లోకి రాగానే గేజీ పెట్టి, పెరిగినది తగ్గించుకోండి. ఇంటికి బయలుదేరేముందు మళ్లీ నింపుకోండి.

మూడోగేరు

లాగ్ చూశాక నా మాట కొంత సవరిస్తున్నాను. ఈ బండికి ట్రాక్ మీద మ్యాప్ కంటే ముందు ఇంటర్‌కూలర్ రావాలి. ట్రాక్ మొహం చూడని బండి అయితే మాత్రం, ప్లగ్గులు, ఆయిల్, టైర్లు బాగున్నాయని తేలాక మ్యాప్‌తోనే మొదలుపెట్టమని ఇప్పటికీ అంటాను. ఎవరి బండి దేని దగ్గర ఆగిపోతోందో అదే ముందు. ఇంకొకటి, మ్యాప్ వేసే రోజుకు క్లచ్ పరిస్థితి చూసుకోండి. నాలుగో గేరులో 2500 దగ్గర పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం ఎగిరి, వేగం దానితోపాటు పెరగకపోతే క్లచ్ జారుతోంది. అలాంటి క్లచ్ మీద అదనపు టార్క్ నిలవదు.

వేగుచుక్క

ఇన్ని విషయాలు ఒక్కచోట దొరుకుతాయని అనుకోలేదు. ఇప్పటికి ఇలా అనుకుంటున్నాను. ముందు టైర్లు, అలైన్‌మెంట్, వాటితోపాటే రోడ్డు మీదా ట్రాక్ మీదా పనికొచ్చే ప్యాడ్లు. తర్వాత ఇంటర్‌కూలర్, చుట్టూ సందులు మూయించడం. అప్పుడు మళ్లీ అదే ట్రాక్ మీద లాగ్ తీసి ఇక్కడే పెడతాను. ఐదో ల్యాపు ఉష్ణోగ్రత దిగిందని తేలాకే మ్యాప్ గురించి మూడోగేరు గారిని అడుగుతాను. ఫిల్టర్ కిట్, బ్లో ఆఫ్ వాల్వ్ జాబితాలోంచి తీసేశాను.

ప్యాడ్లు ఈ వారమే వస్తున్నాయి. వాటిని బిగించాక ఏదైనా ప్రత్యేకంగా చేయాలా, నేరుగా ట్రాక్‌కు తీసుకెళ్లవచ్చా?

చక్రధారి

నేరుగా వద్దు. కొత్త ప్యాడ్ పదార్థం పలచని పొరలా డిస్కు మీద సమంగా పరుచుకోవాలి. ముందుగా ప్యాడ్ తయారీదారు ఇచ్చిన కాగితం చదవండి, అందులో వేరేగా ఉంటే అదే పాటించండి. మామూలు పద్ధతి ఇది. ఖాళీగా ఉన్న, సురక్షితమైన దారిలో గంటకు 100 నుంచి 20 వరకు ఓ మోస్తరు గట్టిగా బ్రేకు వేసి, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోండి. అలా ఎనిమిది పదిసార్లు చేశాక, బ్రేకు ముట్టుకోకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వండి. వేడి మీద ఉండగా బండిని ఆపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు. ప్యాడ్ ఆనినచోట పదార్థం మచ్చలా అంటుకుపోతుంది. తర్వాత బ్రేకు వేసిన ప్రతిసారీ స్టీరింగ్ వణుకుతుంది, డిస్కు వంగిపోయిందేమోనని మీరు వెతుకుతూ ఉంటారు. ట్రాక్ నుంచి పిట్‌లోకి వచ్చినప్పుడు కూడా ఇదే నియమం. హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో వదిలి, చక్రాలకు అడ్డం పెట్టండి.

బిగించేముందు డిస్కు మందం కొలిపించండి. కనీస మందం డిస్కు అంచున చెక్కి ఉంటుంది. ఆ అంకెకు దగ్గరగా ఉంటే ప్యాడ్లతోపాటు డిస్కులూ మార్చేయండి.

వేగుచుక్క

అలాగే చేస్తాను. డిస్కు కొలత, కొత్త లాగ్ రెండూ ఇక్కడే రాస్తాను.